రిపోర్టులు బాగున్నాయి, మరి మనిషి?

రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్, కీమో, రేడియేషన్ అన్నీ ముగిశాక చుట్టాలందరూ గండం గడిచిందని ఊపిరి పీల్చుకుంటారు. చాలామందికి అసలు సుదీర్ఘమైన చికిత్స మొదలయ్యేది అప్పుడే. క్యాన్సర్ తిరిగి రాకుండా హార్మోన్‌ను అడ్డుకునే మాత్ర, రోజుకు ఒక్కటి, ఐదేళ్లు. కొందరికి ఏడేళ్లు, పదేళ్లు. కీమోలా జుట్టంతా ఊడిపోదు, సెలైన్ ఎక్కించరు, ఆస్పత్రిలో పడుకోవలసిన పని లేదు. అందుకే ఇంట్లోవాళ్లు దాన్ని బీపీ మాత్రతో సమానంగా చూస్తారు. మా అక్కకు ఆ మాత్రల్లో ఒకటైన లెట్రోజోల్ రాసినప్పుడు చెప్పిన మాట కూడా ఒక్కటే: "రోజూ వేసుకోండమ్మా, మధ్యలో మానకండి."

మానకూడదన్నది నిజం. అక్కడితో ఆగిపోవడం మీదే నా అభ్యంతరం. ఐదేళ్లు వాడమని మందు రాసినవారు ఆ ఐదేళ్లూ అది ఒంటికి ఏం చేస్తోందో తామే అడిగి తెలుసుకోవాలి. రోగి నోరు తెరిచి చెప్పేదాకా వేచి ఉండకూడదు. అడగడం, విన్నదానికి వైద్యం చేయడం ఎవరి దయాదాక్షిణ్యమో కాదు, చికిత్సలోనే ఒక భాగం. ఇప్పుడు చెకప్ అంటే క్యాన్సర్ తిరిగి వచ్చిందా లేదా అని చూడడం మాత్రమే. సగం పని అక్కడే మిగిలిపోతోంది.

ఈ మందులకు నేను వ్యతిరేకిని కాను. రొమ్ము క్యాన్సర్లలో పెద్ద భాగం ఈస్ట్రోజెన్ హార్మోన్ అండతో పెరుగుతుంది. పాథాలజీ రిపోర్టులో "ఈఆర్ పాజిటివ్" (ఈస్ట్రోజెన్ రిసెప్టర్, అంటే ఆ హార్మోన్ అతుక్కునే చోటు, కణంలో ఉందని) అని ఉండేది అందుకే. టామాక్సిఫెన్ ఆ హార్మోన్ క్యాన్సర్ కణానికి అతుక్కునే చోటును తానే ఆక్రమిస్తుంది. 1960లలో ఇంగ్లండ్‌లో ఒక రసాయన కంపెనీ గర్భనిరోధక మాత్రల కోసం వెతుకుతూ తయారుచేసిన మందు ఇది. ఆ పనికి పనికిరాలేదు. 1977లో అమెరికాలో ముదిరిన రొమ్ము క్యాన్సర్‌కు అనుమతి పొందింది. ఈఆర్ పాజిటివ్ రోగులు దీన్ని ఐదేళ్లు వాడితే రొమ్ము క్యాన్సర్ మరణాలు సుమారు మూడో వంతు తగ్గుతాయని ఎన్నో పరిశోధనలను కలిపి చూసిన విశ్లేషణలు తేల్చాయి. 1990లలో అనాస్ట్రోజోల్, లెట్రోజోల్, ఎక్సిమెస్టేన్ వచ్చాయి. వీటి దారి వేరు. నెలసరి పూర్తిగా ఆగిన తరువాత అండాశయాలు పని మానేసినా, కొవ్వు, కండరాల వంటి చోట్ల అరోమటేజ్ అనే ఎంజైమ్ కొద్దికొద్దిగా ఈస్ట్రోజెన్ తయారుచేస్తూనే ఉంటుంది. ఈ మాత్రలు ఆ ఎంజైమ్‌ను అడ్డుకుంటాయి. ఒంట్లో మిగిలిన ఆ కాస్త ఈస్ట్రోజెన్ కూడా దాదాపు సున్నాకు చేరుతుంది.

చిక్కంతా ఆ సున్నాతోనే వస్తుంది. ఈస్ట్రోజెన్ క్యాన్సర్ కణానికి మాత్రమే చెందిన వస్తువు కాదు. ఎముక అతిగా కరిగిపోకుండా కాపాడేది అదే. కీళ్లకు, నిద్రకు, ఒంటి వేడి అదుపులో ఉండడానికి, యోని పొరలు మెత్తగా తడిగా ఉండడానికి అది కావాలి. దాన్ని ఒక్కసారిగా తీసివేస్తే ఇవన్నీ గోల పెడతాయి. ఈ సంగతి మందు రాసే ప్రతి వైద్యుడికీ తెలుసు. తెలిసిన విషయాన్ని ముందే చెప్పి, ఆరు నెలలకోసారి అడగడానికి అడ్డేమిటి?

మా అక్క ఇంట్లోనే బట్టలు కుడుతుంది. మాత్ర మొదలుపెట్టిన కొన్ని నెలలకు పొద్దున్నే వేళ్లు ముడుచుకోవడం మానేశాయి. కత్తెర పట్టుకుంటే బొటనవేలు బిగుసుకుపోయేది, దాన్ని రెండో చేత్తో విడదీసుకునేది. మోకాళ్లు, మడమలు కూడా పట్టేశాయి. ఎప్పుడో వచ్చి పోయిన చికున్‌గున్యా తాలూకు నొప్పులంది పక్కింటావిడ. వీధి చివరి ఆర్ఎంపీ ఒక ఇంజెక్షన్ చేశాడు, రెండు రోజులు హాయిగా ఉంది, మళ్లీ మామూలే. అందులో ఏముందో ఎవరికీ తెలియదు. స్టెరాయిడ్ అయి ఉంటే, పదేపదే వేయించుకుంటే, అసలే సన్నబడుతున్న ఎముకను అది ఇంకా సన్నం చేస్తుంది.

ఇవన్నీ ఒక ఎత్తు, ఆమె మనసులో మింగుకున్నది ఒక ఎత్తు. క్యాన్సర్ ఎముకలకు పాకిందని ఆమె నమ్మింది. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. చెకప్‌కు వెళ్లినప్పుడు మామోగ్రాం బాగుంది, రక్తపరీక్ష బాగుంది, "అంతా బాగుందమ్మా" అని ఫైలు మూసేశారు. ఆమె తల ఊపి లేచి వచ్చేసింది. "నొప్పి సంగతి ఎందుకు చెప్పలేదక్కా?" అంటే, "వాళ్లు బతికించారు, ఇంకా నొప్పులని వేధించమంటావా?" అంది. ఈ జవాబు మా అక్కది మాత్రమే కాదు. ఓపీ బెంచీల మీద పక్కన కూర్చున్న ఆడవాళ్లను పలకరించి చూడండి, ఎంతమంది నోట ఇదే మాట వస్తుందో. ప్రాణం దక్కిందన్న కృతజ్ఞత వారి నోరు కట్టేస్తోంది. ఆ మౌనాన్ని "ఇబ్బందులేమీ లేవు" అని రాసుకోవడం అన్యాయం.

ఈ నొప్పులు అరుదైనవా? తొమ్మిది వేలకు పైగా మహిళలతో అనాస్ట్రోజోల్‌నూ టామాక్సిఫెన్‌నూ పోల్చి చూసిన ఏటాక్ పరిశోధనలో, అనాస్ట్రోజోల్ వాడినవారిలో మూడో వంతు మందికి పైగా కీళ్ల నొప్పులు నమోదయ్యాయి. ఎముకలు విరిగినవారు ఆ జట్టులో 11 శాతం, టామాక్సిఫెన్ జట్టులో 7.7 శాతం. అందరూ కళ్లారా చూడగలిగినంత మామూలు విషయం ఇది. నొప్పి రెండు చేతులకూ రెండు కాళ్లకూ సమంగా ఉండి, పొద్దున్న బిగుతుగా మొదలై కదిలేకొద్దీ సడలితే అది చాలావరకు మందు పనే. ఒకే చోట, రాత్రింబవళ్లు తగ్గకుండా, రోజురోజుకూ పెరిగే నొప్పి అయితే తప్పకుండా పరీక్ష చేయించాలి. ఈ రెండు వాక్యాలు మొదటి రోజే ఎవరైనా చెప్పి ఉంటే మా అక్కకు ఎన్నో రాత్రులు నిద్ర పట్టి ఉండేది.

వినే దిక్కు లేకపోతే రోగులు చేసే పని ఒక్కటే, చెప్పకుండా మానేస్తారు. అమెరికాలోని ఉత్తర కాలిఫోర్నియాలో 8,769 మంది రికార్డులు చూసిన పరిశోధన ఒకటి 2010లో వచ్చింది. నాలుగున్నరేళ్లలో దాదాపు మూడో వంతు మంది మాత్ర వదిలేశారు. పూర్తి కాలం, సరైన మోతాదులో వాడినవారు 49 శాతమే. బీమా ఉండి, రికార్డులన్నీ కంప్యూటర్లో ఉండే చోటనే ఇదీ పరిస్థితి. మందు మానినవారికి ముప్పు పెరుగుతుందని కూడా పరిశోధనలు చెప్పాయి. అంటే దుష్ఫలితాలను పట్టించుకోవడం కేవలం సుఖం కోసం కాదు, ప్రాణం కోసం. "ముందు బతకనివ్వండి, నొప్పుల సంగతి తరువాత" అనేవారు ఈ లెక్కను తప్పించుకోలేరు.

ఇక మన రెండు రాష్ట్రాలకు ప్రత్యేకంగా వర్తించే విషయం ఒకటుంది. దాని గురించి మన దగ్గర ఎక్కువగా మాట్లాడుకోవడం లేదు. గర్భసంచి తీయించుకోవడం. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీసివేసినవారు దేశం మొత్తంలో 3 శాతం చుట్టూ ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 9 శాతం, తెలంగాణలో సుమారు 8 శాతం. ముప్పైల్లోనే ఆపరేషన్ అయిపోయినవారు ప్రతి ఊళ్లోనూ కనిపిస్తారు. తెల్లబట్ట అని, నొప్పి అని, "పిల్లలు పుట్టేశారుగా, ఇంకెందుకు" అని తీసేశారు. కొందరికి అండాశయాలూ తీసేశారు, కొందరికి ఉంచారు. ఏది జరిగిందో చాలామందికి తెలియదు. డిశ్చార్జి కాగితం ఎప్పుడో పోయింది.

ఇప్పుడు ఆ మనిషి క్యాన్సర్ ఆస్పత్రికి వచ్చింది. "నెలసరి వస్తోందా?" అని అడుగుతారు. "ఎప్పుడో ఆగిపోయిందండీ" అంటుంది. అది అబద్ధం కాదు. కానీ గర్భసంచి లేక ఆగిన నెలసరి వేరు, అండాశయాలు అలసి ఆగిన నెలసరి వేరు. అండాశయాలు ఇంకా పనిచేస్తున్న మహిళకు లెట్రోజోల్ ఒక్కటే ఇస్తే అది ఈస్ట్రోజెన్‌ను అణచలేకపోగా, మెదడు నుంచి వచ్చే సంకేతాల ద్వారా అండాశయాలను ఇంకా రెచ్చగొట్టవచ్చు. పిల్లలు కలగనివారికి అండం విడుదల కావడానికి ఇచ్చేది కూడా ఈ లెట్రోజోలే. ఆ వాడకాన్ని 2011లో మన ప్రభుత్వం నిషేధించి, 2017లో మళ్లీ అనుమతించింది. కాబట్టి గర్భసంచి తీయించుకున్న యాభై ఏళ్ల లోపు మహిళకు ఈ మాత్ర రాసే ముందు రక్తంలో హార్మోన్లు చూడాలి, తరువాత కూడా మళ్లీ చూస్తూ ఉండాలి. అండాశయాలు కూడా చిన్న వయసులోనే పోయినవారి కథ ఇంకో రకం. వారి ఎముకలు అప్పటికే పదిహేనేళ్లుగా ఈస్ట్రోజెన్ లేకుండా గడిపాయి. వాటి మీద ఐదేళ్ల మాత్ర పడితే ఏమవుతుందో ఊహించడానికి వైద్యం చదవక్కరలేదు.

దానికి తోడు మన తిండి. తిరుపతిలోని స్విమ్స్ వైద్య సంస్థ పరిశోధకులు 2007లో ప్రచురించిన అధ్యయనంలో ఆరోగ్యంగా ఉన్న దక్షిణ భారతీయుల్లోనే ఆహారంలో కాల్షియం తక్కువగా, విటమిన్ డి లోపం ఎక్కువగా ఉన్నట్టు తేలింది. ఎండకు కొదవ లేని ప్రాంతంలో మాట ఇది. నెలసరి ఆగిన మహిళకు రోజుకు 1,000 నుంచి 1,200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. వంద గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాములు ఉంటుంది. పెరుగు, పాలు, నువ్వులు, ఆకుకూరలు కలిపి తింటే చాలావరకు అందుతుంది. కానీ తెల్లన్నం, పప్పుచారు, పచ్చడితో సరిపెట్టుకునే ఇంట్లో అందదు. ఇంటిల్లిపాదీ తిన్నాక చివర మిగిలిన మజ్జిగ నీళ్లతో ముగించే ఆడమనిషికి అసలే అందదు.

ఎముక విషయంలో చేయవలసింది స్పష్టంగా ఉంది. అరోమటేజ్‌ను అడ్డుకునే మాత్ర మొదలుపెట్టేటప్పుడే డెక్సా స్కాన్‌తో ఎముక సాంద్రత చూడాలి, తరువాత ఏడాదికో రెండేళ్లకో మళ్లీ చూడాలి. ఆ స్కాన్‌లో వచ్చే టీ స్కోరు అనే అంకె మైనస్ 2.5 లేదా అంతకంటే దిగువన ఉంటే ఎముకలు గుల్లబారినట్టు లెక్క. విటమిన్ డి చూసి లోటు పూడ్చాలి. అవసరమైనవారికి ఆరు నెలలకోసారి ఎముక కరగకుండా ఆపే జోలెడ్రోనిక్ యాసిడ్ ఎక్కిస్తారు. నెలసరి ఆగినవారిలో ఈ వర్గం మందులు ఎముకను కాపాడడమే కాక, క్యాన్సర్ ఎముకకు పాకే అవకాశాన్నీ మరణాలనూ కొంత తగ్గిస్తాయని 2015లో వచ్చిన పెద్ద విశ్లేషణ చెప్పింది. ఇవి మొదలుపెట్టే ముందు పళ్ల డాక్టరుకు చూపించుకోవాలి, ఎందుకంటే పళ్లు పీకించాల్సి వస్తే దవడ ఎముక మానని ప్రమాదం అరుదుగా ఉంటుంది. ఎముకల కోసమే వాడే డెనోసుమాబ్ అనే ఇంజెక్షన్ ఇస్తే మరో జాగ్రత్త అవసరం. దాన్ని చెప్పాపెట్టకుండా ఆపేస్తే పోగైన ఎముక వేగంగా కరిగి వెన్నుపూసలు విరగవచ్చు. ఆపే ముందు వేరే మందుకు మార్చాలి. ఊరు మారినా, డబ్బులు అందకపోయినా తేదీ దాటనివ్వకూడని ఇంజెక్షన్ అది. ఈ మాట రోగికి రాతపూర్వకంగా ఇవ్వాలి.

మా అక్క ఫైలులో ఒంట్లో క్యాన్సర్ ఎక్కడైనా ఉందేమో వెతికే పెట్ స్కాన్ ఉంది, దాని జాడ రక్తంలో చూసే ట్యూమర్ మార్కర్లు వరుసగా ఉన్నాయి. డెక్సా లేదు. మేము అడిగితేనే చేశారు. ఏ లక్షణమూ లేని, తొలిదశ రొమ్ము క్యాన్సర్ చికిత్స ముగించిన వ్యక్తికి మామూలుగా పెట్ స్కాన్లు, ట్యూమర్ మార్కర్లు చేయవద్దని అమెరికా క్యాన్సర్ వైద్యుల సంఘం 2012లోనే చెప్పింది. డెక్సా ఖర్చు పెట్ స్కాన్ ఖర్చులో చిన్న భాగం. అక్కరలేనిదానికి వేలు పోయించి, అక్కరకొచ్చేదాన్ని వదిలేయడం నాకు ఎంతమాత్రం మింగుడుపడదు.

కీళ్ల నొప్పులకూ దారులున్నాయి. 121 మంది మహిళలతో చేసిన హోప్ పరిశోధనలో వారానికి 150 నిమిషాల నడక వంటి వ్యాయామం, రెండుసార్లు కండరాలకు బలమిచ్చే కసరత్తు ఏడాది పాటు చేసినవారికి నొప్పి సుమారు 30 శాతం తగ్గింది. నొప్పితో ఉన్నవారిని నడవమనడం కఠినంగా వినిపిస్తుంది, కానీ దీనికి ఆధారం గట్టిగా ఉంది. దిగులుకూ నొప్పికీ వాడే డ్యులాక్సెటీన్ మాత్ర కొందరికి ఉపశమనమిస్తుంది. ఒక మాత్ర పడకపోతే కొద్ది వారాలు ఆపి అదే వర్గంలోని ఇంకోదానికి మార్చవచ్చు, టామాక్సిఫెన్‌కు మార్చవచ్చు. అక్కకు అలాగే మార్చారు. నొప్పి పూర్తిగా పోలేదు గానీ కత్తెర మళ్లీ చేతికొచ్చింది. ఇవన్నీ డాక్టరుతో మాట్లాడి చేయాల్సినవే, సొంతంగా ఆపడానికి అనుమతి కాదు.

టామాక్సిఫెన్ వాడేవారికి వేరే హెచ్చరికలు. నెలసరి ఆగినవారికి ఒక్క చుక్క రక్తం కనిపించినా వెంటనే చూపించాలి, గర్భసంచి లోపొరలో క్యాన్సర్ ముప్పు కొద్దిగా పెరుగుతుంది. ఒక కాలు వాచి నొప్పి పెట్టినా, హఠాత్తుగా ఆయాసం వచ్చినా రక్తం గడ్డకట్టిందేమో చూడాలి. ఇంకో ముఖ్యమైనది మందుల మధ్య వైరం. ఒంట్లో ఆవిర్లకో దిగులుకో వేరే డాక్టరు పరోక్సెటీన్, ఫ్లూయాక్సెటీన్ రాస్తే, అవి టామాక్సిఫెన్ కాలేయంలో అసలు పని చేసే రూపంలోకి మారడాన్ని అడ్డుకుంటాయి. వెన్లాఫాక్సీన్ అయితే ఆ ఇబ్బంది చాలా తక్కువ, ఆవిర్లకు అది పనిచేస్తుంది కూడా. దిగులు మాత్ర రాసిన డాక్టరుకు క్యాన్సర్ ఫైలు ఎవరు చూపిస్తారు? రోగే చూపించాలి, ఆ విషయం ఆమెకు ఎవరో ఒకరు చెప్పి ఉండాలి.

చెప్పుకోలేనిది మరొకటి ఉంది. యోని పొడిబారి, మంట పుట్టి, భర్త దగ్గరకు వస్తే భయపడే స్థితి. మూత్రంలో మంట మళ్లీ మళ్లీ రావడం. ఓపీ గదిలో పక్కన కొడుకో అల్లుడో నిలబడి ఉంటాడు, ఎదురుగా మగ డాక్టరు, తలుపు దగ్గర తరువాతి నెంబరు మనిషి. ఆ గదిలో ఏ ఆడమనిషి ఈ మాట అనగలదు? హార్మోన్ లేని తేమ క్రీములు, జెల్ చాలామందికి ఉపశమనమిస్తాయి, మందుల దుకాణాల్లో దొరుకుతాయి. హార్మోన్ ఉన్న క్రీములు మాత్రం క్యాన్సర్ డాక్టరు సలహా లేకుండా వాడకూడదు. ఒక నర్సు, వేరే గది, ఐదు నిమిషాలు. కాపురాలు నిలబడే విషయమిది.

డాక్టర్లకు తీరిక లేదన్న వాదన నాకు తెలుసు. హైదరాబాద్ ఎంఎన్‌జే వంటి ప్రభుత్వ క్యాన్సర్ ఆస్పత్రి ఓపీని ఒక్క పూట చూసినవారెవరూ డాక్టర్లను బద్ధకస్తులనలేరు. అయితే ఈ ప్రశ్నలు అడగడానికి క్యాన్సర్ నిపుణులే కావాలా? అమెరికాలో 766 మంది ముదిరిన క్యాన్సర్ రోగులతో చేసి 2017లో ఫలితాలు ప్రకటించిన పరిశోధనలో, కొందరు తమ బాధలను వారం వారం కంప్యూటర్లో నమోదు చేసేవారు, తీవ్రమైనవి నర్సుకు వెంటనే తెలిసేవి. మామూలు పద్ధతిలో చూపించుకున్నవారి మధ్యస్థ ఆయుష్షు 26 నెలలైతే వీరిది 31 నెలలు దాటింది. కొత్త మందేమీ ఇవ్వలేదు, బాధ చెప్పుకునే దారి ఇచ్చారు. మన దగ్గర కంప్యూటర్ అక్కరలేదు. తెలుగులో ఒక పేజీ ప్రశ్నల కాగితం, చదవలేనివారికి చదివి వినిపించే ఒక మనిషి చాలు.

ముందే చెబితే భయపడి మాత్ర మానేస్తారనేవారూ ఉన్నారు. నా అనుభవం దీనికి పూర్తిగా వ్యతిరేకం. చెప్పకపోతే పక్కింటివాళ్లు చెబుతారు, వీడియోలు చెబుతాయి, అవేవీ సగం కూడా నిజం చెప్పవు.

మగవారి మాట కూడా చెప్పాలి. ప్రోస్టేట్ క్యాన్సర్‌కు మూడు నెలలకోసారి మగ హార్మోన్‌ను అణచే ల్యుప్రోలైడ్ ఇంజెక్షన్ తీసుకునే తండ్రులకూ ఆవిర్లు వస్తాయి, ఎముకలు సన్నబడతాయి, కండ తగ్గుతుంది, షుగర్ పెరగవచ్చు, దిగులు కమ్ముకోవచ్చు. వారు మన ఆడవాళ్ల కన్నా ఇంకా తక్కువ చెప్పుకుంటారు.

ఔషధాల దుష్ఫలితాలను నమోదు చేయడానికి 2010 నుంచి జాతీయ స్థాయిలో ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం నడుస్తోంది. రోగులు స్వయంగా నింపే ఫారం తెలుగులోనూ ఉంది, 1800-180-3024 టోల్ ఫ్రీ నెంబరుకు ఫోను చేసి చెప్పవచ్చు. తప్పక వాడుకోండి. కానీ ఆ నమోదు దేశానికి లెక్క అందిస్తుంది, మన మోకాలికి వైద్యం చేయదు. వైద్యం మన ఆస్పత్రిలోనే జరగాలి.

2007లో మొదలైన ఆరోగ్యశ్రీ లక్షల కుటుంబాలకు ఆపరేషన్లు, కీమో, రేడియేషన్ అందించింది. అది లేకపోతే మా బంధువుల్లోనే కొందరు ఈరోజు ఉండేవారు కాదు. ప్యాకేజీ అన్న పద్ధతి మాత్రం ఆస్పత్రిలో జరిగే పని చుట్టూ అల్లినది. ఇంట్లో ఐదేళ్లు సాగే మాత్ర దానిలో సరిగా ఇమడదు. రెండు రాష్ట్రాల ఆరోగ్య శాఖలనూ నేను అడిగేవి మూడే. హార్మోన్ మందు మొదలుపెట్టిన ప్రతి ఒక్కరికీ మొదటి డెక్సా, తరువాతి డెక్సాలు, అవసరమైతే ఎముక ఇంజెక్షన్లు మందుతో పాటే పథకంలో భాగం కావాలి. ప్రతి చెకప్‌లో ఆ ఒక పేజీ ప్రశ్నలు డాక్టరు కన్నా ముందు నర్సు అడిగి ఫైలులో పెట్టాలి. గర్భసంచి తీసేసిన ప్రతి మహిళకూ అండాశయాలు ఉన్నాయో లేదో డిశ్చార్జి కాగితం మీద తెలుగులో రాసి ఇవ్వాలి. ఈ మూడోదానికి ఒక్క రూపాయి కూడా ఖర్చు కాదు. రేపే మొదలుపెట్టవచ్చు.